పసుపు చుక్క

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తలుపు అవతల తనవాళ్లుండి, పిలిచి, ఆ పిలుపు తన చేతి వల్లే తన చెవిన పడకుండా పోవడం.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఎనిమిదో నెలలో పాప దోగాడుతూ వెళ్లి పడకగది తలుపును తోసింది. తలుపు మూసుకుంది. దాని వెనక ఎప్పుడూ పైకి నిలబడి ఉండే పాత గొళ్ళెం ఆ అదురుకి టక్కున పడింది. ఆమె అప్పుడు వంటింట్లో కుళాయి ధారగా తిప్పి గిన్నెలు తోముతోంది. కుళాయి కట్టేశాక గానీ ఏడుపు వినపడలేదు. పరుగున వెళ్లి తలుపు బాదుతుండగానే ఏడుపు ఆగిపోయింది. ఏడుపు కంటే ఆ నిశ్శబ్దమే ఆమె ప్రాణాలు తోడేసింది. పక్క వీధి వడ్రంగి వచ్చి తలుపు ఊడదీసేసరికి, పాప నేల మీద చతికిలబడి, నాన్న చెప్పొకటి రెండు చేతులా పట్టుకుని, ఇంతకు మించిన రుచి ఎక్కడా లేదన్నట్టు నాకుతోంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. అది ఎంతసేపు ఏడ్చిందో, తను ఎంతసేపు నీళ్ల చప్పుడులో నిలబడి ఉందో తలుచుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రమే స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లో గొళ్ళేలన్నీ పీకేసింది. స్నానాలగదిది కూడా.

"ఇదేం చోద్యమే! తలుపుకి గొళ్ళెం లేకుండా నేను స్నానమెట్లా చేసేది?" అంటూ అత్త నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"పాట పాడండత్తయ్యా. పాట వినపడుతున్నంతసేపూ ఎవరం రాం. ఆగిందంటే పిలుస్తాం. పలక్కపోతే లోపలికొచ్చేస్తాం."

"ఈ వయసులో నాకు కచేరీలొకటా! వీధిలో కాకులన్నీ మన గోడ మీదే వాలతాయి."

సణిగింది గానీ పాడింది. పాడక తప్పుతుందా? మధ్యలో ఒక్క క్షణం ఆగితే చాలు, కోడలు తలుపు దగ్గర హాజరు. "అత్తయ్యా?" అనేది. "బతికే ఉన్నానే తల్లీ! నోట్లోకి నురగ పోయింది!" అని లోపల్నుంచి కేక. ఆమె మొగుడైతే పాటలు రాక, బజారు నుంచి తేవలసిన సామాన్ల చిట్టా రాగం తీసి పాడేవాడు. ఆ ఇంటికి అదే పద్ధతైపోయింది. పాట ఆగితే పిలవాలి.

ఆమె తొమ్మిదో తరగతి సగంలో ఉండగా బడి మాన్పించారు. తల్లికి పక్షవాతం వస్తే ఇంట్లో చెయ్యడానికి మనిషి కావలసొచ్చింది. పుస్తకాల సంచి అటక మీదికెక్కింది, మళ్ళీ దిగలేదు. అటువంటి మనిషి తర్వాత చేరిన ఉద్యోగం చెబితే చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఊరికి ఆ చివర కిటికీల్లేని పెద్ద భవనమొకటి ఉంది. అందులో ఒక హాలు నిండా బీరువాల్లాంటి వరసల్లో సర్వర్లుంటాయి. వాటికి తెరలుండవు, కీబోర్డులుండవు. ఎవరెవరివో దుకాణాలు, ఆఫీసులు, ఆసుపత్రులు వాటి మీద నడుస్తుంటాయి. వాటిలో ఏదన్నా బిగుసుకుపోతే మనిషి అక్కడిదాకా పరిగెత్తక్కర్లేదు. దూరం నుంచే దాని కన్సోల్ తెరుస్తారు. ఆ సర్వరుకి ఒక తెర తగిలిస్తే ఏం కనపడుతుందో అదంతా ఇక్కడ కనపడుతుంది. ఇక్కడ నొక్కిన అక్షరం అక్కడ పడుతుంది. కరెంటు తీసి మళ్ళీ ఇవ్వడం కూడా ఇక్కణ్ణుంచే.

అలా ఇంటి దగ్గర్నుంచే చూస్తూ కూర్చునేవాళ్లను కంపెనీలో ఇంటి సీట్లంటారు. ఆమె ఆరో ఇంటి సీటు. లాప్‌టాప్ తెర మీద ఇరవై నాలుగు గడులు, గడికో సర్వరు. పక్కన ప్లాస్టిక్ తొడిగిన కార్డు, దాని మీద పదిహేడు సూచనలు. ఇలా కనపడితే ఇది నొక్కు, అలా కనపడితే అది రాయి. ఆ పదిహేడూ ఆమెకు పాప పుట్టుమచ్చలంత బాగా తెలుసు. అయినా నొక్కే ముందు ప్రతిసారీ కార్డు మీద వేలు పెట్టి చదువుకునేది. చదువు మధ్యలో ఆగినవాళ్లకు ఒక జబ్బుంటుంది. తెలిసింది కూడా తెలుసని నమ్మలేరు.

ఆమెకీ పని చెప్పించింది మొగుడే. అతని ఉద్యోగం ఆ హాల్లోనే. తీగలు లాగడం, పాడైన ఫ్యాన్లు మార్చడం. అక్కడందరూ అతన్ని తీగలాయన అనేవాళ్లు. హాల్లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి సంతకం చేసి లోపలికి పోవాలి. పోయాక పొద్దంతా ఇంటికి కబురుండదు. లోపల అతని దగ్గరుండేది చక్రాల బండొక్కటే. దాని మీద ఒక తెర, ఒక కీబోర్డు. ఏ సర్వరు దగ్గర పనుంటే దానికి తగిలించుకుంటాడు.

ఒకరోజు తొమ్మిదో గడిలో, లోపలికొచ్చేవాళ్లని సర్వరు పేరడిగే లైను మీద, అక్షరం పడే చోట మినుకుమనే గీత దానంతటదే మూడుసార్లు గెంతింది. ఆమె గుండె కూడా గెంతింది. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే పడ్డాయి. తి, న్నా, వా.

ఆమెకు నవ్వాగలేదు. తినలేదని కొట్టింది. రెండు నిమిషాలకు ఆ లైను తుడిచేసి, పాప తిందా అని వచ్చింది. ఆ రోజు నుంచి అదొక అలవాటైంది. ముందు స్పేసు కీ మీద మూడు దెబ్బలు. అంటే నేనున్నాను అని. తర్వాత రెండు ముక్కలు. చదివాక తుడిచెయ్యాలి, ఎంటరు మాత్రం నొక్కకూడదు. నొక్కితే ఆ పేరుతో ఎవరో లోపలికి రాబోయారని సర్వరు రాసుకుంటుంది.

"మొగుడితో ఊసులాడుకోడానికి ఊరంత మిషనొకటి కావలసొచ్చిందా మీకు?" అని అత్త బఠానీలు ఒలుస్తూ దెప్పేది. దెప్పి, "బస్సులో వద్దని చెప్పు, వాన పడేట్టుంది" అని తనూ ఒక కబురు కలిపేది.

ఒకనాడు అతని వేలు జారి ఎంటరు మీద పడింది. మర్నాడు సూపర్వైజరు ఫోను చేశాడు.

"ఏమ్మా, పద్నాలుగో సర్వర్లోకి బంగారం అనే మనిషి రాబోయాడని రికార్డులో ఉంది. ఎవరమ్మా ఈ బంగారం?"

ఆమె నాలుక కరుచుకుంది.

"నేనే సార్," అంది.

నవ్వాపుకుంటున్నాడేమో అనుకుంది. కానీ ఆయన నవ్వే మనిషి కాదు. "ఇది ఆఫీసమ్మా, పెళ్లిచూపులు కాదు. ఇవాళ్టి నుంచి అన్ని గడులకీ లాక్ వేసుంచు. అక్కడి కీబోర్డు పనిచెయ్యకూడదు. నీ మొగుడికి నిజంగా కావలసొస్తే హాలు బయట ఫోనుంది, వచ్చి అడుగుతాడు. అప్పుడు తియ్యి."

ఆమె ఒక్కొక్క గడికే లాక్ వేసింది. ఇరవై నాలుగు. ఇంట్లో గొళ్ళేలన్నీ పీకేసిన చేత్తోనే.

లాక్ ఉన్న గడిలో, అక్కడెవరైనా కీ నొక్కితే, మూలన చిన్న పసుపు చుక్క వెలుగుతుంది. అంతే, అక్షరం రాదు. కార్డు మీద పన్నెండో సూచన దాని గురించే. చుక్క వెలిగితే పట్టించుకోవద్దు, లాక్ పనిచేస్తోందని అర్థం. చుక్క ఆరకుండా ఉంటే కీ ఇరుక్కుందని అర్థం, నోట్ రాసి వదిలెయ్యాలి.

మొగుడూ పెళ్లాలూ దాంతోనే సర్దుకున్నారు. అతను ఏ సర్వరు దగ్గరికెళ్లినా ముందు మూడుసార్లు నొక్కేవాడు. చుక్క మూడుసార్లు మినుకుమనేది. ఊఁ, ఉన్నాడు అనుకునేది. తిరిగి పలకడానికి మాత్రం ఆమెకు దారి లేదు.

ఆ రోజు పొద్దున అతను బూట్లు వేసుకుంటూ నుదురు రుద్దుకున్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. నిన్నట్నుంచి తల దిమ్ముగా ఉంది. ఆ హాల్లో చలి అలాంటిది."

"చలికి తల దిమ్మెందుకెక్కుతుంది?"

"డాక్టరమ్మగారు మొదలెట్టారు," అని పాప బుగ్గ గిల్లాడు. "ఇవాళ పొడుగాయన కూడా లేడు. వాళ్లావిడకి నెలలు నిండాయి, సెలవు పెట్టాడు."

పొడుగాయనంటే అతని జోడీ. హాల్లోకి ఇద్దరుగా వెళ్లాలనేది నియమం.

"మరి ఒక్కళ్లే ఎట్లా వెళతారు?"

"అరగంట పనే, వెళ్లిరా అన్నాడు సూపర్వైజరు. తొమ్మిదోదానికి ఫ్యాను మార్చాలి."

"నిన్న సిలిండర్లవాళ్లెవరో వచ్చారన్నారు కదా."

"వచ్చారు, చూసిపోయారు. నాలుగో వరస వెనకుంటాయిలే." అతను లేచి నిలబడి, ఆమె ముఖం చూసి నవ్వాడు. "మంటొస్తే గానీ అవి తెరుచుకోవు బంగారం. నీళ్లు చల్లితే సర్వర్లు పోతాయని గ్యాసు పెట్టారు. దాంతో వాటికేం కాదు."

"మనిషికో?"

"మనిషికి ముందు గంట మోగుతుంది, బయటికొచ్చేస్తాడు. నువ్విట్లా అన్నీ ఊహించుకుంటే పాపకి పాలు కాదు, భయమే పట్టిస్తావు."

అతను వెళ్లిపోయాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగేదాకా ఆమె తలుపు వెయ్యలేదు. తొమ్మిదో సర్వరున్నది నాలుగో వరసలోనే అని తలుపు వేశాక గుర్తొచ్చింది.

పదకొండింటికి తొమ్మిదో గడిలో చుక్క మూడుసార్లు మినుకుమంది. ఆమె ఊయల ఊపుతూనే చూసి తలాడించింది. పదకొండుంబావుకి మళ్ళీ మూడు. అరగంట పనన్నారు కదా, ఇంకా అవలేదేం అనుకుంది. ఫ్యాను మరలు తుప్పు పట్టి ఉంటాయి, ఆయన తిట్టుకుంటూ ఉంటారు అని తనే జవాబు చెప్పుకుంది.

పన్నెండుకి పది నిమిషాలుండగా చుక్క ఒక్కసారి వెలిగింది. ఆగింది. చాలాసేపటికి మళ్ళీ ఒకటి. తర్వాత రెండు, గబగబా నాలుగైదు, లెక్కకందకుండా. మూడు కాదు. ఆమె ముందుకు వంగింది. ఊయల ఊపే చెయ్యి ఆగింది. ఆటలాడుతున్నారా? సూపర్వైజరు చూస్తే ఊరుకుంటాడా?

చుక్క వెలిగి, ఇక ఆరలేదు.

ఒక నిమిషం చూసింది. రెండు నిమిషాలు. పసుపు రంగు కదలకుండా, రెప్పవెయ్యని కన్నులా ఆ మూలనే ఉంది. ఆమె కార్డు మీద వేలు పెట్టి పన్నెండో సూచన చదువుకుంది. రెండోసారి చదువుకుంది. నోట్ తెరిచి రాసింది. "తొమ్మిదో సర్వరు. అక్కడి కీబోర్డులో కీ ఇరుక్కుంది. ఆరో సీటు." సూపర్వైజరు నుంచి వెంటనే జవాబు వచ్చింది. "సరే."

ఆ "సరే" చూసి కాస్త ఊపిరి పీల్చుకుంది. చెప్పినట్టే చేశాను, తప్పు లేదు అనుకుంది.

అప్పుడు స్నానాలగదిలో అత్త పాట ఆగింది.

అలవాటు కొద్దీ, కళ్లు తెర మీదే ఉంచి, "అత్తయ్యా?" అని కేకేసింది.

"బతికే ఉన్నానే! సబ్బు జారిపోతే వెతుక్కుంటున్నా. ఈ ఇంట్లో సబ్బు వెతుక్కోడానిక్కూడా రాగం తియ్యాలి కాబోలు!"

ఈ ఇంట్లో సబ్బు జారితే పిలిచే మనిషి, అక్కడ పాట ఆగితే నోట్ రాసింది. మూడుసార్లు నొక్కాల్సినవాడు ముప్ఫైసార్లు నొక్కి ఆగిపోతే, కీ ఇరుక్కుందని తన చేత్తో రాసింది.

కార్డు చూడలేదు. తొమ్మిదో గడికి లాక్ తీసేసింది.

పేరడిగే లైను మీద ఇంగ్లీషు హెచ్ అక్షరం పడింది. దాని పక్కన ఇంకో హెచ్. ఇంకోటి. చీమలబారులా లైను నిండి, కింది లైనుకి దిగి, అది కూడా నిండుతోంది. ఆపకుండా ఎవరో ఒకే కీని నొక్కి పట్టుకున్నట్టు. లేదా ఆ కీ మీద ఏదో బరువుగా వాలి ఉన్నట్టు.

"ఉన్నారా" అని కొట్టింది. ఆ అక్షరాలు హెచ్‌ల మధ్య పడి కొట్టుకుపోయాయి. "ఏమండీ" అని కొట్టింది. అవీ పోయాయి.

హాలు బయట ఫోనుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సూపర్వైజరుకి చేసింది.

"సార్, మా ఆయనకేదో అయింది. తొమ్మిదో దాని దగ్గర పడిపోయారు సార్."

"ఎవరు చెప్పారు?"

"హెచ్ ఆగట్లేదు సార్."

"హెచ్ ఏమిటి?" కాగితాలు తిరగేసిన చప్పుడు. "కీ ఇరుక్కుందని నువ్వే కదమ్మా రాశావు. పదకొండు నిమిషాలైంది రాసి. ముందది చెప్పు, లాక్ ఎందుకు తీశావు?"

"ఒక్కసారి లోపలికెళ్లి చూడండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను."

"భోజనాల టైములో హాలు తెరవాలంటే రెండు సంతకాలు కావాలమ్మా. పనైపోతే అతనే వస్తాడు. కంగారు పడకు, లాక్ వెయ్యి," అని పెట్టేశాడు.

గేటుకి చేసింది. గేటాయన పెద్దవాడు, మాట మెత్తన. "లోపలికెళ్లినట్టు సంతకముంది తల్లీ, బయటికొచ్చినట్టు లేదు. ఫోను ఇక్కడ పెట్టెలోనే ఉంది. నేను వెళ్లి చూద్దామంటే నా కార్డుకి ఆ తలుపు తెరుచుకోదు." అంబులెన్సుకి చేసింది. వస్తామన్నారు. కానీ వాళ్లనైనా గేటు దాటి లోపలికి పంపాల్సింది సూపర్వైజరే. ఇంటి నుంచి అక్కడికి నలభై నిమిషాల దారి.

అత్త తడి జుట్టుతోనే వచ్చి వెనక నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో.

"వాడికేమైంది?"

"తెలీదత్తయ్యా. పలకట్లేదు. ఎవరూ లోపలికెళ్లట్లేదు."

"మనిషి కోసం కదలరా?" అంది అత్త. "మరి దేనికోసం కదులుతారు వాళ్లు?"

దేనికోసం కదులుతారో ఆమెకు తెలుసు. కిందటి నెల ఒక సర్వరు రెండు నిమిషాలు ఆగితే, ముగ్గురు మనుషులు ముద్ద నోట్లో ఉండగానే మెట్లు దిగి పరిగెత్తారని అతనే నవ్వుతూ చెప్పాడు.

ప్రతి గడి కిందా ఎర్ర బొత్తాముంటుంది. కరెంటు తీసేసేది. పదిహేడో సూచన, మిగతావాటికంటే పెద్ద అక్షరాల్లో: ఇద్దరి మాట లేకుండా ఎర్ర బొత్తాం నొక్కరాదు. ఆమె నాలుగో వరస జాబితా తీసింది. రెండో వరసలో ఆసుపత్రులవి ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు. నాలుగో వరసలో పదోది సినిమా టికెట్లు. పదకొండోది బట్టల దుకాణం. పన్నెండోది ఏదో ఆటలది. బాణం తీసుకెళ్లి పదో గడి ఎర్ర బొత్తాం మీద పెట్టింది. చెయ్యి ముందుకు పోలేదు. ఇది నొక్కితే ఉద్యోగం పోతుంది. అతనిదీ పోతుంది. పోలీసులు కూడా వస్తారేమో. ఒకవేళ నిజంగా కీ ఇరుక్కుని, అతను ఆ పక్కనే కూర్చుని మరలు తిప్పుకుంటుంటే?

"అత్తయ్యా, ఇద్దరి మాట ఉండాలట," అంది.

"నువ్వొకదానివి, నేనొకదాన్ని. ఇద్దరం కామా?" అత్త ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. "పిలిస్తే పలక్కుండా ఉండే పిల్లాడు కాడే వాడు. నొక్కు."

నొక్కింది. పదో గడి నల్లబడింది.

నిమిషం తిరక్కుండానే ఫోను మోగింది. "ఏం చేశావ్? పదోది పోయింది, ఏం చేశావ్?"

"నేనే ఆపాను సార్. ఇప్పుడు పదకొండోది ఆపుతున్నాను." ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానమొచ్చింది. "ఆ తర్వాత పన్నెండోది. ఎవరైనా నాలుగో వరసకి వెళ్లేదాకా నిమిషానికొకటి."

"నీకు మతి పోయిందా! ఎవరి సొత్తనుకున్నావ్?"

పదకొండో గడి నల్లబడింది. ఫోనులోనే కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరెవరివో కేకలు, పరిగెత్తే అడుగులు.

"సార్! తలుపు తెరిచే ఉంచండి! ఒక్కరే వెళ్లొద్దు!" అని అరిచింది. "ఆయనకి నిన్నట్నుంచి తల దిమ్ముగా ఉందన్నారు. సిలిండర్లు ఆ వెనకే ఉన్నాయి. గ్యాసు కారి గాలి చెడిపోయిందేమో సార్!"

విన్నారో లేదో తెలియదు. ఫోను తెగిపోయింది.

ఆ తర్వాత అత్తా కోడళ్లు ఇద్దరూ ఆ తెర ముందే నిలబడిపోయారు. పాప లేచి ఏడుస్తుంటే అత్త ఎత్తుకుంది గానీ, కళ్లు తెర మీంచి తియ్యలేదు. తొమ్మిదో గడిలో హెచ్‌లు పాకుతూనే ఉన్నాయి. ఆమె వాటి వైపే చూస్తూ, ఆగమని కోరుకోవాలో ఆగొద్దని కోరుకోవాలో తెలియక, చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

హెచ్‌లు ఆగాయి.

గీత ఒక్కటే ఆ లైను చివర వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎవరో కీబోర్డు మీంచి అతని తల ఎత్తారేమో. లేదా అదే జారిపోయిందేమో. ఎంతసేపు గడిచిందో. పాప ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. అప్పుడు, ఎన్నడూ కీబోర్డు ముట్టుకోనివాళ్లు వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టినట్టు, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. ఊ, పి, రి. చాలాసేపు ఏమీ రాలేదు. ఉం, ది.

గేటాయన. తెరిచిన తలుపు గుండా అందరి వెనకా వెళ్లి, ఫోన్లు పనికిరాని ఆ చోటి నుంచి ఆమెకు కబురందే దారి అదేనని తీగలాయన ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి కొట్టాడు. ఎంటరు కూడా నొక్కాడు. ఊపిరి ఉంది అనే మనిషి తొమ్మిదో సర్వర్లోకి రాబోయాడని ఇప్పటికీ ఆ రికార్డులో ఉంటుంది.

అతను పదకొండు రోజులకు ఇంటికొచ్చాడు. మనిషి వచ్చాడు గానీ మొత్తంగా రాలేదు. చెంచా పట్టుకుని ఎందుకు పట్టుకున్నాడో మరిచిపోతాడు. స్నానాలగదిలో సామాన్ల పాట మొదలుపెట్టి, రెండో సామాను దగ్గర ఆగిపోతాడు. ఆగినప్పుడల్లా ఆమె ఉన్నపళాన లోపలికి పోతుంది. అతను చెంబు పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుని ఉంటాడు. "తర్వాతేమిటి?" అని అడుగుతాడు. ఆమె తర్వాతి సామాను పేరు అందిస్తుంది.

మెదడుకి చాలాసేపు సరైన గాలి అందలేదు అన్నాడు డాక్టరు. కంపెనీ కాగితంలో మాత్రం వేరేగా ఉంది. ఏమీ తినకుండా రావడం వల్ల కళ్లు తిరిగి పడిపోయాడని, సిలిండర్లు సక్రమంగానే ఉన్నాయని, ఆ సమయానికి ఆరో సీటు రాసిన నోట్ ప్రకారం కీ ఇరుక్కుంది తప్ప ప్రమాద సూచనలేవీ లేవని. ఆ నోట్ నకలు కూడా జత చేశారు. ఆమె రాసిన మాటలే, పొల్లు పోకుండా. లాప్‌టాపూ కార్డూ తీసుకుపోవడానికి మనిషొచ్చినప్పుడు, ఆమె కార్డు వెనక తన ఫోను నంబరు రాసి ఇచ్చింది. ఎందుకని ఆ మనిషి అడగలేదు.

ఇవాళ పొద్దున ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు. అవతల పడుచుపిల్ల గొంతు, వెనకాల పసివాడి ఏడుపు.

"అక్కా, నేను ఆరో సీటు. కొత్తగా చేరాను. కార్డు వెనక మీ నంబరుంటే చేశాను, ఏమనుకోకండి. పన్నెండో సూచన సరిగ్గా అర్థం కాలేదు. తొమ్మిదో గడిలో పసుపు చుక్క ఆరట్లేదు. అది మామూలేనా అక్కా?"

ఆమె చేతిలో గిన్నె కిందపడింది. "ఎంతసేపైంది?"

"పావుగంట అయుంటుంది. నోట్ రాశాను. సరే అన్నారు."

"లాక్ తియ్యి! లోపలెవరున్నారు?"

"పొడుగాయనంట, ఒక్కరే ఉన్నారంట. లాక్ తీస్తే తిడతారక్కా, చేరి నాలుగు రోజులే..."

"తియ్యమ్మా! తిట్టనీ! నా మాట విని..."

ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. గేటుకి చేస్తే కొత్త గొంతు పలికి, పాత గేటాయన్ని ఎప్పుడో తీసేశారు, మీరెవరు అని పెట్టేసింది. ఆమె పాపను అత్త చేతిలో పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగింది. ఇప్పుడు ఆటోలో ఉంది. నలభై నిమిషాల దారి. పొడుగాయన బిడ్డకి ఇంకా మూడు నెలలు నిండలేదు.

చదువుతున్న మీరు ఒకవేళ ఆ చుట్టుపక్కలే ఉంటే, కిటికీల్లేని ఆ భవనం మీ దారిలోనే ఉంటే, ఒక్కసారి గేటు దగ్గర ఆగండి. లోపలికి పోనివ్వరు, తెలుసు. అయినా అడగండి. నాలుగో వరసలో ఒక పొడుగాటాయన ఉన్నాడు, ఆయన పలికాడా అని అడగండి. కీ ఇరుక్కుందని చెబితే వినకండి. ఆయన గొంతు మీ చెవిన పడేదాకా అక్కణ్ణుంచి కదలకండి.